పెన్సిలు

ఇబార్రా చర్చిలకి నేను చెక్కిన
పునీతులందరికీ రెండేసి చెవులు.
మా ఎఫ్రాయిన్‌కి కుడివైపు
వేరుశనగ గింజంత కండ, అంతే.

కీటోలో డాక్టరమ్మ
వాడి పక్కటెముకల మృదులాస్థి తీసి
ఆరుగంటలు చెక్కింది.
ఏ ఉలి వాడారని అడిగాను.
నవ్వి చూపించింది: నా చిటికెన వేలంత కత్తి.

రూపమే ఇస్తాం, వినికిడి కాదని
ముందే చెప్పింది.
కట్టు విప్పిన రోజు
పై మడత కాస్త మందమనిపించింది.
దేవదారయితే ఒక్క గీకు గీకేవాణ్ణి.
నోరు మూసుకున్నాను,
అది వాడి ఎముక.

వాడు అద్దం అడగలేదు.
నా చెవి మీది పెన్సిలు లాక్కుని
కొత్తదాని వెనక దోపబోయాడు.
సందు లేదు. జారిపడింది.
"తలకి అంటుకునే ఉందింకా,
ఇంకో ఆపరేషన్‌లో లేపుతాం.
ఆర్నెల్లాగు" అంది డాక్టరమ్మ.

వంగి తీశాడు,
మొన విరగలేదని చూసి
జేబులో పెట్టుకున్నాడు.
నాకు తిరిగివ్వలేదు.