అంచు

ముప్పై రెండేళ్లుగా నేను ఖాళీ అమ్ముతున్నాను.
ఒసాకాలో, నిప్పొన్‌బాషి వెనక సందులో,
పైన రైలు వెళ్తే అరలన్నీ పళ్లు కొరికే దుకాణం.
పదేసి, యాభయ్యేసి, కుదురుగా పేర్చిన ఖాళీ.
కొనేవాళ్లు తగ్గారు. ఇప్పుడంతా
మేఘాల్లో దాచుకుంటున్నారట. దాచుకోనీ.

ఆమె వచ్చింది జోరువానలో.
గొడుగు గుమ్మం బయటే వదిలి,
సంచిలోంచి ఒక డిస్కు తీసి బల్ల మీద పెట్టింది,
కుళ్లిన చేప తిరిగిచ్చే మనిషిలా.
"ఆరేళ్లే అయింది."
పేరు హమగుచి కినుయె. తోబా అవతల సముద్రం ఒడ్డు.
గోళ్ల చుట్టూ ఉప్పు కోసిన గీతలు.

దీపానికి ఎదురుగా పట్టి చూశాను.
రంగు వెలిసిపోయింది, రెండోసారి కాచిన టీలా.
ఎక్కడో గుట్టగా పోసి అమ్మిన సరుకే, అడగక్కర్లేదు.
పైన బాల్‌పెన్నుతో నొక్కి నొక్కి రాసిన మాట: అమ్మ.
ఆ నొక్కుడు లోపలి పూతదాకా దిగింది.

"ఏముంది ఇందులో?"
"ఊపిరి," అంది.

వాళ్లమ్మ డెబ్బై ఎనిమిదో ఏట కూడా మునిగేదట.
సిలిండరు లేదు, గొట్టం లేదు. చేతిలో ఒక ఇనుప ఉలి.
రాళ్ల సందులోంచి అవాబి చిప్ప పెకలించుకుని
పైకి తేలగానే, బిగబట్టిందంతా
పెదాల మధ్య నుంచి సన్నగా వదులుతారు.
ఈల.
ఎవరి ఈల వాళ్లది. పడవలో ఉన్నవాళ్లు
వింటూ లెక్కపెట్టుకుంటారు, ఎవరు తేలారో,
ఇంకా ఎవరు తేలాలో.

"మొదటి రోజులన్నీ పలుకుతున్నాయి.
చివరి రోజే లేదు."

ఎలా చెప్పను? డిస్కు నడుమ మొదలై
అంచుకేసి రాసుకుంటూ పోతుంది.
చివరిదెప్పుడూ అంచునే ఉంటుంది.
చెడటమూ అంచునుంచే.

ఆ రాత్రి షట్టరు దించి, నా పాత డ్రైవులో పెట్టాను.
అది మూలిగింది, ఆగింది, మళ్లీ వెతికింది.
తెల్లవారేసరికి మూడు ఈలలు తెచ్చింది.
నాలుగోది ఉందని కినుయెకు తెలుసు.
తేలలేదు.

మర్నాడు ఆమెకు ఖాళీ అమ్మాలి.
బంగారు పూతది చూపించాను, అన్నిటికంటే ఖరీదైనది.
వెనక్కి తిప్పి వెలుగులో వాల్చింది,
చిప్ప లోపలి నిగనిగను చూసినట్టు.
"ఊరికే మెరుస్తోంది," అని పక్కన పెట్టింది.
ఇంకోటి వేలి చివర తూచింది. వద్దంది. ఇంకోటి.
నా వెనక, మా ఇంటి ఫొటోల కోసం దాచుకున్న డబ్బా ఉంది,
ఆ ఫ్యాక్టరీ మూసేసి చాలా కాలమైంది.
"అదేమిటి?" అంది.
దాచినదాన్ని కనిపెట్టే కళ్లు మరి.

అమ్మాను. ఏం చేస్తాం.
నిదానంగా రాయించమన్నాను, తొందరపెడితే కాలుతుందని.
పేరు పెట్టె మీద రాయి, డిస్కు మీద వద్దన్నాను.
ఎండ తగలని చోట నిలబెట్టమన్నాను.
కడుపునిండా పెట్టకు, అంచు వదిలేయి అన్నాను.
"ఖాళీగానా?"
"ఖాళీగానే."
నవ్వింది. డబ్బిచ్చి కొన్నదాన్ని
వాడొద్దనే వ్యాపారిని మొదటిసారి చూసిందట.

ఎన్నేళ్లు ఉంటుందని అడగలేదు.
అడుగుతారు, అందరూ అడుగుతారు,
పెట్టె మీద అచ్చేసిన వందేళ్లను నాచేత ఒట్టు వేయించుకుంటారు.
ఆమె మాత్రం, "మళ్లీ ఎప్పుడు పైకి తీయాలి?" అంది.
ఐదేళ్లకోసారి తీసి విను, వెలిసేలోగా కొత్తదానికి ఎక్కించు అన్నాను.
తల ఊపింది, అలవాటైన లెక్కలా.

రెండు ప్రతులు, రెండు చోట్ల.
రెండోది నా దగ్గరే ఉంచింది.

నవంబరులో ఒకరోజు పెట్టి వింటాను.
మొన్న కేబుల్ కోసం వచ్చిన కుర్రాడు
అటూ ఇటూ చూసి అన్నాడు:
"తాతా, లోపల కెటిల్ మరుగుతోంది."

మరగనీ అన్నాను.
ఇంకా ఒకటి రావాలి.