ఫోటో కడగడం

రాయదుర్గం బస్టాండు ఎదురు సందులో
మిద్దె మెట్ల కింద చీకటి గది.
ఎర్ర బల్బు, హైపో వాసన,
తీగకు క్లిప్పులతో వేలాడే ముఖాలు.
పన్నెండేళ్ళు ఆ ముఖాల మీద
మొనదేలిన పెన్సిల్‌తో మచ్చలు చెరిపాను.
పెళ్ళిచూపుల ఫోటోల్లో మొటిమలు తీసేశాను.
ఒకసారి బీడీలు చుట్టే ఆమె కళ్ళ కింద నలుపు తీయబోతే
ఫకీరప్ప నా చెయ్యి పట్టుకున్నాడు.
"అది మచ్చ కాదు శివలీలా. మనిషే అది."

తేరు, పెండ్లి, పదో తరగతి గ్రూపు,
శవాన్ని గోడకానించి తీసే ఆఖరి ఫోటో,
అందరిలాగే ఆయనా అన్నీ తీశాడు.
సైకిలు హ్యాండిలుకు కెమెరా, క్యారియరు మీద స్టాండు,
కణేకల్లు దాటి, బొమ్మనహాళ్ దాటి
హగరి ఒడ్డున ఇసుక చేన్లను మింగేచోటు దాకా.
ఒకే దిబ్బను ఆరేళ్ళలో అరవైసార్లు తీశాడు.
పేకముక్కల్లా వేళ్ళతో జారవిడిస్తే
దిబ్బ నడిచేది.
ముందు కంపచెట్టు పోయింది, తర్వాత కల్లం,
తర్వాత ఎవరిదో గడప.
"సినిమా అంటే ఇంతే గదా" అన్నాడు.
అప్పటికి ఆయన సినిమా కెమెరాను ముట్టుకోనేలేదు.

కరువు మూడో ఏడు
ట్యాంకరు నాలుగు రోజులకోసారి.
ఎండిన బావి ఫోటో కడగడానికి
రెండు బిందెల నీళ్ళు.
కడిగిన నీళ్ళు మేకకు కూడా పనికిరావు.
సందు చివర నేను పారబోస్తుంటే
ఎదురింటి ముసలామె చూసేది.
ఏమన్నా అనుంటే బాగుండేది.

తిప్పేస్వామిని ఆ ఏడే తీశాడు.
గంజి కేంద్రం ముందు, గోనెపట్ట మీద,
మూతపడిన రెప్ప మీద ఒక ఈగ.
ఢిల్లీ వాళ్ళు పతకమిచ్చారు.
ఫోటో కింద 'అనంతపురం కరువు' అని వేశారు.

ఆరు నెలలకు వాళ్ళమ్మ హనుమక్క వచ్చింది,
కొంగుముడిలో పదకొండు రూపాయలు.
"మావోని కండ్లు తెరిపీమ్మా.
నిద్రపోతాండేవోన్ని ఎన్నాళ్ళని సూసేది?"
ఫకీరప్ప గోడవైపు తిరిగాడు.
రెండు రాత్రులు కూర్చున్నాను.
చూడని పిల్లాడి కళ్ళు ఎట్లా గీయాలి?
ఆమె కళ్ళనే చిన్నవి చేసి పెట్టాను.
ఈగను తీసేశాను.
అది అబద్ధమో కాదో ఇప్పటికీ చెప్పలేను.

మూడెకరాల మెట్ట అమ్మి
బళ్ళారిలో ఎవరో వాడి పడేసిన సినిమా కెమెరా కొన్నాడు.
హనుమక్క గడపలో కూర్చుని, అడిగి,
ఆమె సరేనన్నాకే తీశాడు.
ఒకటే రీలు, పదకొండు నిమిషాలు.
హగరి ఇసుకలో చెలమ. కొబ్బరి చిప్పతో ఆమె తోడుతుంటుంది.
మాటల్లేవు, పాటల్లేవు.
ఏడో నిమిషంలో సగం బిందె చంకనెత్తుకుని
తెరలోంచి బయటికి వెళ్ళిపోతుంది.
కెమెరా తిరగదు.
మిగతా నాలుగు నిమిషాలూ చెలమ ఒక్కటే.

బడి గోడ మీద వేసినప్పుడు
హనుమక్క ముందు వరసలో లేచి నిలబడింది:
"నేను పోయినంక నీళ్ళు ఊరినాయే!"

తర్వాత పూణే నుంచి పిల్లలొచ్చారు, కేరళ నుంచి వచ్చారు.
వాళ్ళ సినిమాల్లోనూ మనుషులు వెళ్ళిపోతుంటే
కెమెరాలు ఉన్నచోటే ఉండటం మొదలైంది.
ఆమె వెంట ఎందుకు తిప్పలేదని అందరూ అడిగేవాళ్ళు.
"ఆయమ్మ నన్ను ఎంట రమ్మన్లేదు గదప్పా"
అనేవాడు, టీ ఊదుకుంటూ.

ఆయన పోయాక నెగెటివ్‌ల ట్రంకుపెట్టె నాకొచ్చింది.
ఇప్పుడు అనంతపురంలో ఒక కుర్రాడు
అన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాడు.
చుక్క నీరు అక్కర్లేదు.
నిన్న తిప్పేస్వామి తెర మీదికొచ్చాడు.
"ఈ ఈగను తీసేయనా మేడం?"
కుర్రాడి చెయ్యి పట్టుకున్నాను.
పేరు రాసే గడిలో మాత్రం
పాతది చెరిపించి, నేనే ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను:
బోయ తిప్పేస్వామి, నాలుగేళ్ళు,
హనుమక్క కొడుకు.