రాయికైతే ఇస్తా

పామూరు బస్టాండులో
ఒంగోలు బస్సు ఆగేచోట, కుడిపక్కన
గోనెపట్టా మీద ఓబులమ్మ దుకాణం.
తక్కెడ లేదు. పిడికిలే తూకం.
పిండికూర కట్టలు, ఎండిన గలిజేరు వేళ్ళు,
పాత హార్లిక్సు సీసాలో పల్లేరు కాయలు.
అవి ఏరేటప్పుడు గుచ్చుకున్న మచ్చలు
ఆమె అరికాళ్ళ నిండా.

ఎదురుగా మెట్లెక్కితే నా ల్యాబు.
రక్తం తీసేది నేనే, రిపోర్టు రాసేది నేనే,
కరెంటు పోతే ఆ రిపోర్టుతో విసురుకునేదీ నేనే.
మొదట్లో ఆమె మీద మంట నాకు.
డిప్లొమాకి అద్దం కట్టించి గోడకి కొట్టుకున్నవాణ్ణి,
ఆమె ముందు పదిమంది,
నా ముందు ఈగలు.

ఒకనాడు బేల్దారి దావీదు వచ్చాడు
నడుం పట్టుకుని, గుప్పిట్లో పొట్లం పట్టుకుని.
"ఓబులమ్మ పంపింది సార్."
విప్పి చూస్తే ఖాళీ.
"మందియ్యలా. కాలి మీద బొటనేలుతో నొక్కింది.
గుంట పడి లేవలా.
'రాయికైతే ఇస్తానయ్యా,
ఇది రాయి గాదు, ఆ మెట్లెక్కు' అంది."

అప్పట్నుంచి
ఖాళీ పొట్లాలు వస్తానే ఉన్నాయి.
ఒక మేకుకి గుచ్చి దాచాను.
ఏ పెద్ద డాక్టరూ నాకు
అంత తక్కువ అక్షరాలతో చీటీ రాయలేదు.

రాయున్నవాళ్ళని మాత్రం కూచోబెట్టి చెప్పేది:
ఉలవకట్టు తాగు, అరటి దూట వండించుకో,
పిండికూర నాలుగు ఆకులు చెంబుడు నీళ్ళలో వేసి
సగానికి మరగనియ్యి, ఆకు పారేసి నీళ్ళు తాగు.
"నీళ్ళు బాగా తాగాల" అనేసరికి
ఎవరో ఒకరు నవ్వేవాళ్ళు.
"ఏ నీళ్ళు అత్తా? బోరువా, ట్యాంకరువా?"
దానికి మాత్రం ఆమె గోనెలో
ఏ వేరూ లేదు.

ఒక ఎండాకాలం మైకు కట్టుకుని వ్యాను దిగింది.
కిడ్నీ పొడి, నెలకి మూడు వేలు,
డబ్బా మీద పేరు లేదు, ఊరు లేదు.
సీఎస్ పురం మాలకొండారెడ్డి మూడు డబ్బాలు మింగాడు.
రెండున్న క్రియాటినిను
తొమ్మిదయ్యాక ఒంగోలు మోశారు.
మిగిలిన డబ్బా ఆమె చేతికిస్తే
మూత తీసి, వాసన చూసి, పక్కన పెట్టింది.
"దీంట్లో ఆకు లేదబ్బయా."
ఇంకేదో అనబోయి
బేరానికొచ్చిన మనిషి వైపు తిరిగింది.

పోయిన మాఘంలో తనే వచ్చింది,
మెట్టు మెట్టుకీ ఆగుతా.
బల్ల మీద పొట్లం పెట్టి
"నాది నేనే తెచ్చుకున్నా" అంది.
నరం దొరకలేదు. రెండుసార్లు పొడిచాను.
పల్లేరు ముళ్ళకి అలవాటైన ఒళ్ళు, కదల్లేదు.

నాలుగు పాయింట్ ఆరు.
"ఎంతుండాల?"
"ఒకటి."
వేళ్ళు మడిచి లెక్కేసుకుంది.
"రూపాయికి నాలుగున్నర!
నలభై యేళ్ళ యాపారంలో ఇంత లాభం చూళ్ళేదు."
నేను నవ్వలేకపోయాను,
ఆమె నాకోసం ఇంకాసేపు నవ్వింది.

ఒంగోల్లో బిళ్ళలు రాశారు, ఉప్పు మానమన్నారు,
రోజుకిన్ని నీళ్ళని సీసా మీద గీత గీసిచ్చారు.
ఆకుకూరలు తగ్గించాలంట.
తినక తప్పకపోతే ఉడకబెట్టి
ఆ నీళ్ళు పారబోసి తినాలంట.
"వింటివా," అంది పట్టా పరుస్తా,
"ఇన్నాళ్ళూ ఆకు పారేసి నీళ్ళిచ్చా జనానికి.
ఇప్పుడు నీళ్ళు పారేసి
ఆకు తినాల నేను."

ఇప్పటికీ కూర్చుంటుంది.
మధ్యాహ్నం బస్సులు పల్చబడ్డాక
పై నుంచి చూస్తుంటాను:
గీత గీసిన సీసా మూత తీస్తుంది,
అరగుక్క తాగుతుంది,
ఇంకో అరగుక్క అరచేతిలో ఒంపుకుని
పిండికూర కట్టల మీద చల్లుతుంది.
వాడిపోతే ఎవరూ కొనరు.