ఇరవై ఆరో చోటు

డిసెంబరు. వార్డో దీవిలో సూర్యుడు సెలవు పెట్టి నెల కావస్తోంది.
వాతావరణ కేంద్రంలో ఒక పొయ్యి, ఒక రేడియో, సులౌగ్.
బీరువా అడుగున ఆమెకు దొరికాయి
ఐలిఫ్ వదిలి వెళ్ళిన పందొమ్మిది నోటుపుస్తకాలు,
చలికాలానికి ఒకటి.

ముందు నుంచి తిప్పితే గాలి, పీడనం, మంచు లోతు.
వెనక నుంచి తిప్పితే
భాగహారాలు.

ఆట చిన్నది.
ఒక అంకె వెయ్యి. పక్కన ఇంకోటి చేర్చు, మొత్తం రెండుతో పోవాలి.
మూడోది చేరితే మూడుతో, నాలుగోది చేరితే నాలుగుతో.
పంక్తిలోకి వచ్చిన ప్రతివాడూ
అందరికీ మళ్ళీ సమంగా వడ్డించమంటాడు.
అప్పులాగా నిప్పులాగా
శేషం మిగలకూడదు.

మూడు. ముప్పై ఆరు. మూడువందల అరవై.
మూడువేల ఆరువందల ఎనిమిది. నాలుగో వంతు తొమ్మిదివందల రెండు.
ఏడో అంకె దగ్గర కాగితం చిరిగేంత చెరిపివేత,
కింద చిన్న అక్షరాల్లో: పోయింది!
పోవడం అంత సంతోషమైన మాటని
ఆమెకు అప్పుడే తెలిసింది.

మొదట దారులు తొమ్మిది. తర్వాత నలభై ఐదు.
తొమ్మిదో మెట్టు మీద రెండువేల నాలుగువందల తొంభై రెండు,
పదో మెట్టు మీదా సరిగ్గా అన్నే,
ఊపిరి బిగబట్టినట్టు.
అక్కణ్ణుంచి దిగుడే.
ఇరవై ఒకటి దగ్గర పద్దెనిమిది మిగిలాయి.
పన్నెండు.
ఆరు.
మూడు.
ఆ మూడిటి కింద గీత గీసి ఉంది. తర్వాత తెల్ల కాగితం.
ఆ మార్చిలోనే అతణ్ణి కిర్కెనెస్ ఆసుపత్రికి ఓడెక్కించారట.

సులౌగ్ పెన్సిల్ చెక్కుకుని కూర్చుంది.
కూర్చున్నంత సేపు పట్టలేదు.
ఇరవై ఐదుతో పోతుందో లేదో
తోక చూస్తే చాలు కదా.
రెండిటి తోకలు పనికిరావు. మూడోది రెండుతో ముగిసింది,
పక్కన ఐదు పెట్టింది.

3 608 528 850 368 400 786 036 725

పందొమ్మిది చలికాలాలు తవ్వినవాడు
ఒక్క చూపు పని వదిలేశాడా,
మిగిల్చాడా?

ఇక ఇరవై ఆరో చోటు.
సున్నా పెట్టి చూసింది. ఒకటి. రెండు. తొమ్మిది దాకా.
అక్కడ కావలసింది పద్నాలుగు.
ఒక గదిలో పద్నాలుగు పట్టదు.
పన్నెండు తీసేస్తే సరిపోతుంది గానీ
ఈ ఆటలో తీసివేత లేదు.

ఈ దారిలో ఇంతకన్నా పొడుగు సంఖ్య లేదు.
ఇంత పొడుగున్నది ఇంకోటీ లేదు.
సముద్రం లెక్క వేరు, దానికి గట్టు అడ్డు;
దీనికి ఏ అడ్డూ లేదు, అయినా అయిపోయింది.

ఆరు గంటలైంది. కోటు వేసుకుని బయటికి వెళ్ళి
మీటరు మీద టార్చి వేసి చదివి వచ్చింది.
వాయవ్యపు గాలి, సెకనుకి పదకొండు మీటర్లు.
ముందు పేజీలో రాసింది.
వెనక పేజీలో ఐదు పక్కన
ఒక గడి గీసి
అలాగే ఉంచింది.