అప్పు పీరియడ్

గురువారం ఆరో పీరియడ్ నాది.
యూనిట్ టెస్టులొస్తే లెక్కల మాస్టారు అప్పడుగుతారు,
తిరిగిచ్చిన పాపాన పోలేదు.

ఈ వారం ఇవ్వనన్నాను.
ఏడో తరగతి 'బి'ని మైదానంలోకి తోలుకుపోయాను.
రూవీ కొండలు పెనంలా కాగుతున్నాయి.

"నీడ ఏ రంగు?"
"నలుపూ..." మూకుమ్మడిగా.
"చూసి చెప్పండి."
మోకాళ్ల మీద వంగారు. చాలాసేపటికి చరిష్మ,
"కొంచెం వంకాయ రంగు, టీచర్."
గోడవారన పసుపు కూడా ఉందని తర్షిత్ వాదన.

ఒకరి నీడకొకరు సుద్దముక్కతో గీత గీశారు.
నీడ ఆగదు కదా, గీసేలోపే జరిగిపోయింది.
ప్రతి బొమ్మకీ ఒక భుజం ఎక్కువ.

క్లాసులో నోరు విప్పని మెహజబీన్
తనది కాని గీతలో వెళ్లి నిలబడింది.
ఆ వంకర మోచేతికి తన మోచెయ్యి సరిపెట్టింది,
పక్క గీతలోకి గెంతి ఆ నడుమూ పట్టేసింది.
తర్షిత్ టిఫిన్ డబ్బా మీద తకిట అందుకున్నాడు.
నేనేం నేర్పలేదు. ఎండకి చెయ్యి అడ్డం పెట్టుకున్నానంతే.

బెల్లు.
నీడలు చెప్పుల కిందికి దూరాయి,
గీతలు మాత్రం పొడుగ్గా అక్కడే పడున్నాయి.

స్టాఫ్ రూమ్ కిటికీలోంచి చూశాను.
లెక్కల మాస్టారు టీ కప్పుతో మైదానంలోకి దిగి,
అటూ ఇటూ చూసి,
ఒక గీతలో కాలు పెట్టారు.