పుచ్చకాయను కూర్చోబెట్టి

ఫర్వానియాలో మా లిఫ్టు తలుపు డెబ్బై సెంటీమీటర్లు.
కొలిచింది నేనే. లిఫ్టులు బాగుచేయడం నా పని.
ఆ అంకెను అరచేతిలో రాసుకుని
శుక్రవారం సంతకు బయల్దేరాను.
హైమకు పద్దెనిమిదో రోజు, ఇంకా గడప దాటకూడదట.
తన బదులు ఓబుళమ్మను తోడు పంపింది.

ఓబుళమ్మది రాయచోటి పక్క పల్లె.
కువైట్‌లో పదకొండేళ్లు, మూడిళ్లు, ఐదుగురు పిల్లలు,
వాళ్లను తోసిన బండ్లు ఏడు.
ఏ కంపెనీ బండి ఎక్కడ కిర్రుమంటుందో
ఏది మడిచేటప్పుడు వేలు కొరుకుతుందో ఆమెకు తెలుసు.
నెలకు రెండు శుక్రవారాలే ఆమెవి.
అందులో ఒకటి మాకిచ్చింది.

రేకుల కప్పు కింద వరసగా బండ్లు,
ఎవరెవరి పిల్లలో దిగిపోయిన సీట్లు.
ఒకదాని మడతల్లో బిస్కెట్ పొడి,
ఒకదానికి గుడ్డ కుందేలు ఒంటిచెవి ఇంకా వేలాడుతోంది.
నేను టేపు తీశాను. అరవై రెండు. యాభై ఎనిమిది.
చక్రం తిప్పి, చెవి ఆనించి, బేరింగు విన్నాను.
"నువ్వు తలుపును కొలుస్తాండావు," అంది,
"తోసేదాని నడుమును ఎవురు కొలుస్తారు?
బిడ్డ పెరుగుతాది. అమ్మ పెరగదు కదబ్బా.
హైమ నా బుజం కాడికి వస్తాది. పిడి ఈడికుండాల."
తన పొట్ట మీద చెయ్యి అడ్డంగా పెట్టి చూపింది.

సరే, తోసి చూడమన్నాను.
ఖాళీ ఉయ్యాల ఊపకూడదు,
ఖాళీ బండీ తొయ్యకూడదు, అంది.
బయట పికప్ వ్యాన్లోంచి
మూడున్నర కిలోల పుచ్చకాయ ఎంచి తెచ్చింది,
తట్టి, చెవి ఆనించి, నేను బేరింగు విన్నట్టే.
కాయను పడుకోబెట్టి బెల్టు బిగించింది.
ఇనుప కొక్కెం ఎండకు కాలి చురుక్కుమంది,
ఆ బండి అక్కడే ఆగిపోయింది.
రెండోది ఇసుకలో కూరుకుంది.
మూడోది గట్టెక్కేటప్పుడు ముందుకు మొగ్గింది,
మా ఇద్దరి చేతులూ ఒక్కసారే కాయ కిందికి వెళ్లాయి.
అమ్మే సిల్హెట్ కుర్రాడు నవ్వాపుకోలేక
గొడుగు తెచ్చి కాయకు పట్టాడు.

నాలుగోది నాకు నచ్చింది. నీలం రంగు, పన్నెండు దీనార్లు,
సీటు పూర్తిగా వాలుతుంది, లిఫ్టులో పడుతుంది.
ఆమె వెనకంతా తడిమి తల అడ్డంగా ఊపింది.
"ఇది రోడ్డు తట్టే సూస్తాది. నీ తట్టు తిరగదు."
తిరక్కపోతే ఏం, అన్నాను. పన్నెండే కదా.

"మేడమోళ్ల బండ్లన్నీ రోడ్డు తట్టు సూసేటియే.
సముద్రం గట్టున దినామూ తోస్తాంటి.
మొగాలు కాదబ్బా, నాకు సుడులు తెలుసు.
ఫహద్‌కు రెండు సుడులు. దానాకు నట్టనడిమిన.
చిన్నోడిది ఉందా లేదా అన్నట్టుంటాది."
బెల్టు సరిచేస్తూ కాసేపాగింది.
"మా లచ్చుమికి ఏ పక్కనో.
నాలుగు నెలలప్పుడు ఇడిసిపెట్టి వస్తి.
కుడో, ఎడమో."

నేను టేపు చుట్టి జేబులో వేశాను.

ఐదోది ఇరవై రెండు దీనార్లు. బూడిద రంగు.
మీట నొక్కితే సీటు గిర్రున తిరిగి
తోసేవాళ్ల మొహంలోకి చూస్తుంది.
ఆమె అరబ్బీలో బేరమాడి పద్దెనిమిదికి దించింది,
అప్పుడు ఆ గొంతు తనది కాదు, ఏ పెద్ద మేడమ్‌దో.
బస్‌స్టాపు దాకా నన్ను తొయ్యనివ్వలేదు,
కాయను తన తట్టు తిప్పుకుని తనే నడిచింది.

వెడల్పు అరవై తొమ్మిది. కొలవడమే మరిచాను,
లిఫ్టు తలుపు దగ్గర గుర్తొచ్చింది.
ఇటు అర, అటు అర. పట్టింది.

హైమ కాయను దించి బిడ్డను పడుకోబెట్టింది.
కాయ చేసిన గుంటకు బిడ్డ ఇంకా చాలలేదు.
ఆ రాత్రి దీపం దగ్గర పట్టి నెత్తంతా వెతికాం.
ఓబుళమ్మకు ఫోన్లో పెట్టాను:
ఎడమ పక్క, రెండు వేళ్ల ఎడంలో.

మర్నాడు మధ్యాహ్నం జవాబొచ్చింది, ఏడు సెకన్ల గొంతు.
గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లాడి అరబ్బీ కేక,
ఆ తర్వాత,
"కాయ తియ్యగుండిందా?"