మంగళవారం గురప్పోళ్ళది

బేస్‌మెంట్ రెండో అంతస్తు,
నలభై ఏడో నంబరు స్తంభం మొదట్లో
నేల చెమరుస్తుంది.
మార్చిలోనూ చెమరుస్తుంది.
గేటు బయట ట్యాంకర్లు వరస కట్టి హారన్లు కొడుతుంటే
లోపల మేం నీళ్ళు తోడి పారబోస్తుంటాం.

అసోసియేషన్ మినిట్స్‌లో దాని పేరు లీకేజి.
మూడు కంపెనీలవాళ్ళు వచ్చారు,
గోడకు సూదులు గుచ్చి మందెక్కించారు.
వారం రోజులు నోరు మూసుకుని
డాక్టరుగారి కారు కింద లేచిందది.

పంపు చూడటం నా పని. రాత్రి డ్యూటీ.
గంటకు ఇరవై నిమిషాలు మోటారు,
మిగిలిన నలభై, నిద్ర కాని నిద్ర.
మా నాయన పెన్న ఇసకలో ఊటకాలవ తీసేవాడు
పారతో, మోకాటిలోతు, మడి దాకా.
ఆయన వెతికి వెతికి పట్టుకున్నదాన్ని
నేను స్విచ్చి నొక్కి మోరీలోకి తోస్తున్నాను.

ఒక తెల్లారుజామున పిళ్ళమ్మ వచ్చింది,
నల్ల పైపు చుట్ట భుజాన వేసుకొని.
కాంపౌండు గోడకీ రాజకాలువకీ నడుమ
సర్వేవాళ్ళ గొలుసు తప్పించుకున్న అరగుంట ఆమెది.
దంటాకు, సబ్బసిగె, నాలుగు సాళ్ళు కొత్తిమీర.
"ఆ నీళ్ళు మావి కదా సామీ,"
పొరుగింట్లో మరిచిన గిన్నె అడిగినట్టు అంది.

తలపరిగె అంటారంట ఇక్కడ.
నా మోటారు గది ఉన్నచోట రాతిగూడు,
స్తంభం దిగిన చోట దాని కన్ను.
ఆమె కాపురానికొచ్చిన ఏడు
ఆ కాలవలోనే కాళ్ళ పసుపు కడుక్కుందట.

నాలుగింటికి వాల్వు తిప్పాను.
చప్పిడి పైపు బరువెక్కి
మెట్టు మీంచి బెత్తెడు జరిగింది.
గోడవతల నుంచి గొంతు:
"వచ్చింది, వచ్చింది. మెల్లగా."

మంగళవారం మాత్రం పైపు విప్పేసింది.
"ఈ పొద్దు గురప్పోళ్ళ వంతు."
గురప్ప పొలంలో ఇప్పుడు టైర్ల షాపు.
గురప్ప లేడు. కొడుకులు అమ్ముకొని
హోసూరు దిక్కు పోయారు.
ఆ మాటే అన్నాను.
"పోతే పోయినారు. వంతు పోతుందా?"
కొంగు తలకింద పెట్టుకొని
తడి గట్టు మీదే పడుకుంది.

నాలుగో కంపెనీ వచ్చే నెల వస్తుందట,
జర్మనీ మందుతో.

ఈ మంగళవారం కూడా అదే మోటారు, అదే మోరీ,
అవే ఇరవై నిమిషాలు.
నిద్ర మాత్రం పోలేదు.
గురప్పోళ్ళకు నీళ్ళు కడుతున్నాను.
వీధి చివర టైర్ల షాపు ముందు
బండల కింద గలగలమని పోతున్నాయి.
షట్టరింకా దించే ఉంది.